‘మా ఇంట్లో మనిషే’ అంటాం... నిజంగానా?

థ్రిల్లర్ అంటే మనకో లెక్క ఉంది. మొదట ఒక శవం. తర్వాత ఐదారుగురు అనుమానితులు. మధ్యలో రెండు ట్విస్టులు. చివరి పది పేజీల్లో ‘వామ్మో, వీడా చంపింది!’ అని నోరెళ్లబెట్టాలి. వారపత్రికల్లో సీరియల్స్ చదివిన అమ్మానాన్నల తరం వచ్చే వారం కోసం ఎదురుచూసింది ఇందుకే. మనం అర్ధరాత్రి దాటాక కూడా ‘ఇంకొక్క ఎపిసోడ్’ అనుకుంటూ ఫోన్ పట్టుకుని కూర్చునేదీ ఇందుకే.

ఈ వారం చెప్పబోయే నవల ఆ లెక్కను మొదటి పేజీలోనే చింపి పారేస్తుంది. చనిపోయింది ఎవరో చెప్పేస్తుంది. చంపింది ఎవరో కూడా చెప్పేస్తుంది. పోయింది ఇద్దరు పసిపిల్లలు. చంపింది వాళ్లను కంటికి రెప్పలా చూసుకున్న ఆయా. కాబట్టి ‘స్పాయిలర్ ఇచ్చేశావ్’ అని నన్ను తిట్టకండి, ఆ పని రచయిత్రే చేసేసింది. అయినా చివరి పేజీ దాకా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. ఎందుకంటే ఇక్కడి ప్రశ్న ‘ఎవరు?’ కాదు. ఒక మనిషి కళ్ల ముందే కొంచెం కొంచెంగా కూలిపోతుంటే, అదే ఇంట్లో తిరిగే వాళ్లకు ఎందుకు కనిపించలేదు? ఇదీ ప్రశ్న.

నవల పేరు ఫ్రెంచ్‌లో ‘షాన్సోన్ దూస్’. మెత్తని పాట అని అర్థం. ఇంగ్లిష్‌లో సామ్ టేలర్ అనువాదం చేశాడు. అదే అనువాదం బ్రిటన్‌లో ‘లలబై’ అని, అమెరికాలో ‘ది పర్ఫెక్ట్ నానీ’ అని రెండు పేర్లతో వచ్చింది. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు రెండూ వేరే పుస్తకాలనుకుని రెండూ కొనేయకండి. రాసింది లైలా స్లిమానీ. 1981లో మొరాకోలోని రబాత్‌లో పుట్టి, 17 ఏళ్ల వయసులో చదువు కోసం పారిస్ వచ్చింది. జర్నలిస్టుగా పనిచేసింది. 2016లో ఈ నవలకు ఫ్రాన్స్‌లోనే పెద్ద సాహిత్య బహుమతి గోంకూర్ వచ్చింది. ఆ బహుమతి చెక్కు ఎంతో తెలుసా? 10 యూరోలు! పారిస్‌లో ఇద్దరు కూర్చుని కాఫీలు తాగితే అయిపోతాయి. కానీ ఆ పేరు అట్ట మీద పడితే పుస్తకం లక్షల్లో అమ్ముడుపోతుంది. ఇదీ అలాగే పోయింది. 2019లో ఫ్రెంచ్‌లో సినిమాగా కూడా వచ్చింది.

ఒక్క మాట ముందే చెబుతున్నా. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు, ఈమధ్యే తల్లులైనవాళ్లు గుండె దిటవు చేసుకుని మొదలుపెట్టండి. మొదటి రెండు పేజీలు దాటడమే కష్టం.

కథ ఏంటంటే

పారిస్ పదో వార్డులో, ఓత్‌విల్ వీధిలో ఒక అపార్ట్‌మెంట్. అందులో పాల్, మిరియమ్ అనే దంపతులు. పాల్‌ది మ్యూజిక్ రికార్డింగ్ రంగం. మిరియమ్ లా చదివింది. ఆమె కుటుంబానిది ఉత్తరాఫ్రికా మూలం. పాప మీలా, తర్వాత బాబు ఆదమ్. ఇద్దరు పిల్లలయ్యేసరికి మిరియమ్ ఇంటికే పరిమితమైపోయింది. పిల్లలంటే ప్రాణమే, కానీ నాలుగ్గోడల మధ్య ఊపిరాడదు. అలాంటప్పుడు పాత క్లాస్‌మేట్ ఒకతను ఎదురుపడి, తన లా ఆఫీసులో ఉద్యోగం ఇస్తానంటాడు. ఇక ఆయాను వెతకాలి.

ఈ వెతుకులాట ఉంది చూడండి, నవలలో మొదట గుచ్చుకునేది అక్కడే. పాల్ దగ్గర ఒక లిస్టు ఉంది. కాగితాలు లేని వలసదారు వద్దు. మరీ వయసైపోయినామె వద్దు. తలకు ముసుగు వేసుకునేవాళ్లు వద్దు. సిగరెట్ తాగేవాళ్లు వద్దు. మిరియమ్‌ది ఇంకో షరతు. తన ప్రాంతం నుంచి వచ్చిన ఆడమనిషి అస్సలు వద్దు. అరబిక్‌లో మాట కలుపుతుంది, ఒక ఊరివాళ్లమన్న చనువు తీసుకుంటుంది, ఏదో ఒక సాయం అడుగుతుంది. ఆ దగ్గరితనం అంటేనే ఆమెకు భయం. ‘మన ఊరి మనిషిని పనికి పెట్టుకుంటే మన సంగతులన్నీ ఊళ్లో తెలిసిపోతాయ్’ అనే మాట మనకూ కొత్త కాదు కదా.

ఇదే మిరియమ్ ఆయాల కోసం ఒక ఏజెన్సీకి వెళ్తుంది. అక్కడి మేనేజరు ఆమె మొహం చూసి, పని వెతుక్కుంటూ వచ్చిన ఆయా అనుకుంటుంది. ‘కాగితాలన్నీ తెచ్చావా?’ అన్న ధోరణిలో మాట్లాడుతుంది. కాదు, నేను ఆయా కోసం వచ్చానని మిరియమ్ చెప్పగానే ఆ గొంతు మారిపోతుంది. ఒక వలస కుటుంబపు ఆడపిల్ల ఎంత చదివినా, ఎదుటివాళ్ల కళ్లకు ఆమె ‘పనికి వచ్చిన మనిషి’ కావడానికి ఒక్క క్షణం చాలు. రచయిత్రి దీనిమీద లెక్చర్ ఇవ్వదు. ఆ సీన్ చూపించి ముందుకెళ్లిపోతుంది.

చివరికి దొరికింది లూయిజ్. సన్నగా, పొందిగ్గా, నీటైన కాలర్ గౌన్లలో, గోళ్లకు రంగుతో. తెల్లజాతి ఫ్రెంచ్ మహిళ. పిల్లలు మొదటి రోజే అతుక్కుపోతారు. ఇల్లు అద్దంలా అవుతుంది. వంట అదిరిపోతుంది. చిరిగిన బట్టలు కుట్టేస్తుంది. పుట్టినరోజు పార్టీలు దగ్గరుండి చేయిస్తుంది. పొద్దున్నే అందరికంటే ముందొస్తుంది, రాత్రి పొద్దుపోయాక వెళ్తుంది. పాల్, మిరియమ్ స్నేహితులందరికీ గొప్పగా చెప్పుకుంటారు, మా లూయిజ్ లాంటిది ఎవరికీ దొరకదని.

అసలు తారుమారు ఇక్కడుంది

ఈ నవలకు ప్రేరణ 2012లో న్యూయార్క్‌లో జరిగిన ఒక నిజ ఘటన. అక్కడి ఆయా డొమినికన్ రిపబ్లిక్ నుంచి అమెరికాకు వలస వచ్చిన మహిళ. స్లిమానీ ఆ ఘటనను పారిస్‌కు తెచ్చి, పాత్రల స్థానాలు మార్చేసింది. వలస మూలాలున్నామె యజమానురాలు. తెల్లజాతి మనిషి పనిమనిషి.

ఎందుకలా చేసినట్టు? నాకర్థమైంది ఇది. ఆయా వలస మహిళే అయ్యుంటే, చదివేవాళ్లకు ఒక సులువైన దారి దొరికేది. ‘వాళ్ల దేశం అంతే, వాళ్ల పెంపకం అంతే’ అనుకుని పుస్తకం మూసేసేవాళ్లు. రంగు, భాష, మతం అనే సాకులన్నీ తీసేస్తే ఏం మిగులుతుంది? ఒక ఇల్లు, అందులో జీతం ఇచ్చే మనిషి, జీతం తీసుకునే మనిషి. ఇద్దరి మధ్య ఉన్న దూరం. ఆ దూరాన్ని ఏ సాకూ లేకుండా చూడాలంటే ఇదొక్కటే మార్గం.

ఇంకో సంగతి కూడా ఉంది. మిరియమ్ ఒక మెట్టు ఎక్కింది. ఉద్యోగం చేస్తోంది, కేసులు గెలుస్తోంది. మనం చప్పట్లు కొడతాం. కానీ ఆ మెట్టు ఎక్కడానికి కింద ఇంకో ఆడమనిషి భుజం కావాల్సి వచ్చింది. మిరియమ్ చెడ్డదని కాదు. ఆమెకు వేరే దారి ఏ సమాజమూ చూపించలేదు. అందుకే నవల చదువుతుంటే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక అవస్థ పడతాం.

విలన్ లేని ఇల్లు

పనిమనిషి మీద వచ్చే కథల్లో మామూలుగా ఒక రాక్షసి యజమానురాలు ఉంటుంది. తిడుతుంది, కొడుతుంది, మిగిలిన అన్నం పెడుతుంది. మనం హాయిగా ఆమెను అసహ్యించుకుని ‘నేనలా కాదులే’ అనుకుంటాం. ఇక్కడ ఆ హాయి లేదు. పాల్, మిరియమ్ మంచివాళ్లు. చదువుకున్నవాళ్లు. మర్యాదగా మాట్లాడతారు. స్నేహితులు భోజనానికొస్తే లూయిజ్‌నూ తమతో కూర్చోమంటారు. సెలవులకు గ్రీస్ దీవికి వెళ్తూ ఆమెనూ తీసుకెళ్తారు. మన భాషలో చెప్పాలంటే, మా ఇంట్లో మనిషిలాగే చూసుకుంటున్నాం అనే రకం.

నవల మొత్తం కోసి చూపించేది ఈ ఒక్క మాటనే.

గ్రీస్‌లో సముద్రం దగ్గర లూయిజ్ ఒడ్డునే ఉండిపోతుంది. ఆమెకు ఈత రాదు. నేర్పిస్తానని పాల్ ముందుకొస్తాడు. ఆ సరదా సన్నివేశంలోనే ఒక ఇబ్బంది. ఇన్నాళ్లూ ఇంట్లో తిరిగిన ఈమెకు కూడా ఒక శరీరం ఉందని అతనికి మొదటిసారి తెలిసొస్తుంది. ఆ ప్రయాణం ఆమె మనసులో ఉండిపోతుంది. వాళ్లకది ఒక సెలవు. ఆమెకు మాత్రం, తాను కూడా వీళ్లలో ఒకదాన్నే అన్న నమ్మకానికి సాక్ష్యం.

తర్వాత ఒక ఉత్తరం వస్తుంది, ప్రభుత్వ ఖజానా నుంచి. లూయిజ్ కట్టాల్సిన బాకీల గురించి ఆమె యజమానులకు రాసిన ఉత్తరం. చచ్చిపోయిన మొగుడు వదిలి వెళ్లిన అప్పులు ఆమె మెడకు చుట్టుకుని ఉన్నాయి. పాల్, మిరియమ్ మొహాల్లో చిరాకు, ఇబ్బంది. ఈ గొడవ మన ఇంటిదాకా వచ్చిందేంటి అని. లూయిజ్ నోరు విప్పదు. గమనించారా? పండగప్పుడు ఇంట్లో మనిషి. అప్పుల కాగితం వచ్చినప్పుడు ఉద్యోగి. ఈ రెండింటి మధ్య ఎప్పుడు ఏ కుర్చీలో కూర్చోవాలో నిర్ణయించేది మాత్రం ఆమె కాదు.

ఇంకో సీన్ ఉంది. కత్తి లేదు, రక్తం లేదు, అయినా వెన్నులో చలి పుడుతుంది. ఫ్రిజ్‌లో ఉన్న కోడిమాంసం గడువు తీరిందని మిరియమ్ చెత్తబుట్టలో పడేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే, ఆ కోడి ఎముకల గూడు శుభ్రంగా కడిగి, ఒక్క మాంసం పీచు కూడా లేకుండా వంటింటి బల్ల మీద పెట్టి ఉంటుంది. లూయిజ్ దాన్ని చెత్తలోంచి తీసి, పిల్లలతో తినిపించింది. ఒకరికి అది డేటు అయిపోయిన సరుకు. ఇంకొకరికి పారేసిన తిండి. నెలాఖరుకి చేతిలో పైసా లేని మనిషికి, రోజూ అన్నం చెత్తలోకి వెళ్లడం చూస్తూ ఉండటం ఎలా ఉంటుందో రచయిత్రి ఒక్క వాక్యంలో కూడా వివరించదు. ఎముకల గూడు చూపిస్తుంది. అంతే.

లూయిజ్ ఇల్లు క్రెతేలో ఉంటుంది. పారిస్ పక్కనే ఉన్న శివారు. ఇరుకు గది, పాడైపోయిన స్నానాల గది, ఖాళీ చేయమనే ఓనరు. ఆ ఇంట్లో రోజంతా అద్దాల్లా తుడిచిన చేతులు, రాత్రికి ఈ గదికి తిరిగొస్తాయి. పాల్, మిరియమ్‌లకు ఈ గది సంగతి తెలియదు. ఆమె చేతికి ఇంటి తాళంచెవి ఇచ్చారు, పిల్లల్ని ఇచ్చారు. ఆమె బతుకు గురించి మాత్రం దాదాపు ఏమీ తెలుసుకోలేదు.

ఇక పిల్లలు పెరిగిపోతున్నారు. స్కూలుకు వెళ్లే వయసొస్తే ఆయాతో పనేముంది? అందుకే మిరియమ్‌కు ఇంకో బిడ్డ పుట్టాలని లూయిజ్ కోరుకోవడం మొదలుపెడుతుంది. ఆ కోరిక పిచ్చిగా మారుతుంది. ఉద్యోగ భద్రత అనే మాట మనం ఎన్నోసార్లు విన్నాం. ఇంకొకరి కడుపు పండితేనే నా ఉద్యోగం నిలబడుతుంది అనే పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించండి.

ఇదంతా చెప్పి, హత్యకు ఇదే కారణం అని రచయిత్రి తేల్చదు. పేదరికం వల్లే చంపింది అంటే అది పేదవాళ్లందరినీ అవమానించినట్టు. పిచ్చి వల్లే అంటే మిగతావన్నీ చేతులు దులుపుకున్నట్టు. రెండూ చేయకపోవడమే ఈ పుస్తకం గొప్పదనం.

పార్కు బెంచీ మీద ప్రపంచ పటం

వలస మహిళలు ఈ కథలో పక్కన ఉన్నట్టే ఉంటారు, కానీ పటం అంతా వాళ్లదే. పగటిపూట పారిస్ పార్కుల్లో పిల్లల్ని ఆడించే ఆయాలు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. పశ్చిమాఫ్రికా, మొరాకో, ఫిలిప్పీన్స్. పది భాషల్లో కబుర్లు. ఎవరింట్లో జీతం ఎంత, ఎవరి మేడమ్ ఎలాంటిది, ఎక్కడ పని ఖాళీ ఉంది. మన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పదకొండు గంటలకు పనులు ముగించుకుని నిలబడి మాట్లాడుకునే వాళ్లను గుర్తు తెచ్చుకోండి. అదే సీన్.

అక్కడ లూయిజ్‌కు వఫా అనే మొరాకో అమ్మాయి పరిచయం అవుతుంది. ఆమెకు కాగితాలు లేవు. ఎవరినైనా పేరుకు పెళ్లి చేసుకుని కాగితాలు తెచ్చుకోవాలని ఆశ. లూయిజ్‌కు కనీసం పాస్‌పోర్టు, చట్టం ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ఆయా అంటే లెక్కల్లో ఉన్న ఉద్యోగం. ఒప్పందం, కనీస వేతనం, ఏటా 5 వారాల జీతంతో కూడిన సెలవు ఉంటాయి. అన్నీ ఉన్న లూయిజే మునిగిపోతే, ఏమీ లేని వఫా సంగతేంటి? నవల ఈ ప్రశ్నను బెంచీ మీద వదిలేసి వెళ్లిపోతుంది.

ఈ బెంచీకి పెద్ద చరిత్ర ఉంది. పారిస్ పాత భవనాల్లో పై అంతస్తులో అగ్గిపెట్టెల్లాంటి గదులుంటాయి. వాటిని ‘పనిపిల్ల గది’ అనే పిలుస్తారు. 19వ శతాబ్దంలో రైళ్లు వచ్చాక, బ్రిటనీ అనే పేద ప్రాంతం నుంచి ఫ్రెంచ్ అమ్మాయిలే గుంపులుగా పారిస్ వచ్చి ఆ గదుల్లో చేరారు. వాళ్ల మీద జోకులు ఎంత మామూలయ్యాయంటే, 1905లో బెకాసీన్ అనే అమాయకపు పనిపిల్ల బొమ్మల కథ పుట్టింది. ఆ బొమ్మకు చాలాసార్లు నోరే గీయరు. 1960ల్లో అవే గదుల్లోకి స్పెయిన్ అమ్మాయిలు వచ్చారు. తర్వాత పోర్చుగల్, ఉత్తరాఫ్రికా, పశ్చిమాఫ్రికా, ఫిలిప్పీన్స్. మనుషులు మారుతూ వచ్చారు. గది మారలేదు.

సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబెన్ 1966లో ‘బ్లాక్ గర్ల్’ అనే సినిమా తీశాడు. గంట నిడివి. డకార్‌లో ఫ్రెంచ్ వాళ్ల పిల్లల్ని చూసుకునే దియువానా అనే అమ్మాయిని ఆ దంపతులు ఫ్రాన్స్ తీసుకెళ్తారు. పిల్లల్ని ఆడించడానికని వెళ్తే, అక్కడ వంట, గిన్నెలు, బట్టలు, అన్నీ ఆమెవే. ఫ్రాన్స్ అంటే ఆమె చూసింది వంటగది గోడలే. దానికీ ఆధారం పత్రికలో వచ్చిన ఒక చిన్న వార్తే. అంటే, స్లిమానీకి 50 ఏళ్ల ముందే ఒకాయన చిన్న క్రైమ్ వార్త పట్టుకుని ఆ ఇంట్లోకి వెళ్లాడన్నమాట.

గొలుసులో మన లంకెలు

అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 2000లో దీనికో పేరు పెట్టింది. ‘గ్లోబల్ కేర్ చెయిన్’. పెంపకపు గొలుసు అనుకోండి. ధనిక దేశంలో ఒక తల్లి ఆఫీసుకు వెళ్తుంది. ఆమె పిల్లల్ని పేద దేశం నుంచి వచ్చిన ఇంకో తల్లి చూసుకుంటుంది. ఆ తల్లి పిల్లల్ని ఊళ్లో అమ్మమ్మో, స్కూలు మానేసిన పెద్ద కూతురో చూసుకుంటుంది. గొలుసు కిందికి వెళ్తున్నకొద్దీ డబ్బు తగ్గిపోతుంది. చిట్టచివర ఎవరూ చూసుకోని ఒక పిల్లో పిల్లాడో మిగులుతారు.

ఈ గొలుసులో తెలుగువాళ్లం రెండు చివర్లలోనూ ఉన్నాం. కడప వైపు రాజంపేట, రాయచోటి ప్రాంతాల్లో, గోదావరి జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుందో అక్కడివాళ్లను అడగండి. అక్కడ అరబ్బుల పిల్లలకు స్నానం చేయించి, అన్నం తినిపించి, నిద్రపుచ్చి, తర్వాత వాట్సాప్ వీడియో కాల్‌లో తన బిడ్డను చూసుకునే తల్లులు వాళ్లు. కఫీల్, అకామా అనే మాటలు ఆ ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. అతని చేతిలోనే ఆమె ఉండటం, పోవడం ఉంటుంది. అతన్ని కాదని బయటికొచ్చేస్తే అకామా పోయి, ఆమె చట్టం కళ్లలో పరారీ మనిషి అవుతుంది. అంటే, మన కడప వఫా.

చట్టాలు అస్సలు లేవని కాదు. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం ప్రత్యేక చట్టం తెచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని వద్దు, వారానికి ఒక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో నెలకు కనీసం 60 దినార్ల జీతం అని నిర్ణయించింది. మన ప్రభుత్వం వైపు నుంచి, గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లే మహిళకు కనీసం 30 ఏళ్లు ఉండాలనే నియమం ఉంది. సమస్యల్లా ఒకటే. చట్టం వీధి దాకా వస్తుంది. ఇంటి తలుపు లోపలికి వెళ్లి చూసేదెవరు? ఫ్యాక్టరీకి ఇన్‌స్పెక్టర్ వెళ్తాడు. వంటింటికి వెళ్లడు.

ఇక గొలుసు రెండో చివర. హైదరాబాద్, వైజాగ్, బెంగళూరు గేటెడ్ కమ్యూనిటీల్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో మనం పాల్, మిరియమ్‌లం. ఆయా గేటు దాటిన నిమిషం మన ఫోన్‌లో టంగుమని మోగుతుంది. ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని గంటలకు వెళ్లింది, అన్నీ యాప్‌లో ఉంటాయి. ఆమె ఇంటిపేరు మాత్రం మన ఫోన్‌లో ఉండదు. ‘లక్ష్మి మెయిడ్’ అని సేవ్ అయి ఉంటుంది. మా ఇంట్లో మనిషే అంటాం, వెళ్లేది మాత్రం సర్వీస్ లిఫ్ట్‌లో.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021 లెక్క ప్రకారం ప్రపంచంలో ఇంటిపని చేసేవాళ్లు 7.56 కోట్ల మంది. ప్రతి నలుగురిలో ముగ్గురు మహిళలే. వీళ్లకు కనీస హక్కులు ఇవ్వాలనే అంతర్జాతీయ ఒప్పందం 2011లోనే వచ్చింది. భారత్ అప్పుడు అనుకూలంగా ఓటేసింది కానీ, ఆ ఒప్పందాన్ని ఆమోదించి అమల్లో పెట్టలేదు. 2025 జనవరిలో మన సుప్రీంకోర్టు, ఇంటిపనివాళ్ల కోసం ప్రత్యేక చట్టం అవసరమేమో పరిశీలించడానికి కమిటీ వేయాలని కేంద్రానికి చెప్పింది. ఇంటిపని మీద ఎన్ని ఇళ్లు నడుస్తున్నాయో లెక్కేసుకుంటే, ఈ పరిశీలన ఎంత ఆలస్యంగా మొదలైందో అర్థమవుతుంది.

మరి నాన్న ఎక్కడ?

నవల చదివాక చాలామంది రెండు జట్లుగా విడిపోతారు. తల్లి ఉద్యోగం కోసం పిల్లల్ని వదిలేసింది అని ఒక జట్టు. ఆయాలను నమ్మకూడదు అని ఇంకో జట్టు. రెండు జట్ల వేళ్లూ ఆడవాళ్ల వైపే. పాల్ సంగతి ఎవరికీ గుర్తుండదు. మిరియమ్ ఉద్యోగంలో చేరతానన్నప్పుడు, ఆమె జీతం ఆయాకే సరిపోతుందన్నది ఇంట్లో మొదటి లెక్క. ఆయా జీతాన్ని తల్లి జీతంలోంచే ఎందుకు తీసేయాలి? తండ్రి జీతంలోంచి ఎందుకు కాదు? పిల్లలు ఇద్దరివీ కదా!

ఈ ఒక్క లెక్క మనిళ్లలోనూ యథాతథంగా నడుస్తోంది. నీకొచ్చే జీతం ఆయాకే పోతుంది, ఇంకెందుకమ్మా ఉద్యోగం అని చెప్పని అత్తమామలు, అమ్మానాన్నలు తక్కువ. అలా రెండు ఆడ జీతాలను ఒకదానికొకటి పోటీ పెడతాం. ఆయాకు జీతం పెంచితే తల్లికి నష్టం. తల్లి ఉద్యోగం నిలవాలంటే ఆయా చవగ్గా దొరకాలి. ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటుంటే, మూడో మనిషి సోఫాలో కూర్చుని రీల్స్ చూసుకుంటూ ఉంటాడు. ఈ నవలలో నిజమైన సస్పెన్స్ ఆ సోఫా దగ్గరే ఉందని నా ఉద్దేశం.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. వఫా లాంటి పాత్రలకు ఇంకొన్ని పేజీలు ఇచ్చి ఉంటే బాగుండేది. ఆమె కథ వినాలని మనకు ఆశ పుడుతుంది, తలుపు తెరిచినట్టే తెరిచి మూసేస్తుంది. చివరికొచ్చేసరికి అంతా చకచకా ముగిసిపోయి, మనం ఇంకా లూయిజ్ గదిలోనే ఉండిపోయిన భావన. ‘ది హౌస్‌మెయిడ్’ లాంటి ట్విస్టుల మీద ట్విస్టుల థ్రిల్లర్ ఊహించుకుని తీస్తే నిరాశపడతారు. ఇది పరిగెత్తే కథ కాదు, గది గోడలు కొంచెం కొంచెంగా దగ్గరికి జరిగే కథ.

పుస్తకం చిన్నదే. ఇంగ్లిష్ సులువుగా ఉంటుంది. రెండు మూడు రాత్రుల్లో అయిపోతుంది. చదివాక మనసు భారంగా ఉండి, వఫా లాంటి వాళ్ల వైపు నుంచి కూడా కథ కావాలనిపిస్తే, 2022లో వచ్చిన ‘నానీ’ అనే ఇంగ్లిష్ సినిమా చూడండి. మన హీరో నాని కాదు బాబూ! కొడుకును సెనెగల్‌లో వదిలి, న్యూయార్క్‌లో ధనికుల పాపను చూసుకునే ఆయా కథ. జీతం ఇవ్వడానికి ఆ యజమానులు చెప్పే సాకులు వింటుంటే, దెయ్యాల సీన్ల కంటే అవే ఎక్కువ భయపెడతాయి.

పుస్తకం చదవడానికి టైమ్ లేదంటారా? సరే, అయితే ఈ నెల ఒకటో తారీఖున, మీ ఇంట్లో పనిచేసే ఆమెకు జీతం పంపే ముందు నాలుగు విషయాలు మీకు తెలుసో లేదో చూసుకోండి. ఆమె పూర్తి పేరు. ఆమె ఉండే చోటు. జ్వరమొచ్చి రాని రోజున జీతం కోస్తారా లేదా. ఆమె మీ ఇంట్లో ఉన్నంతసేపు ఆమె పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు. ఒకటికి మించి తెలియకపోతే, ‘మా ఇంట్లో మనిషే’ అనే మాట కొన్నాళ్లు ఆపేసి, వారానికి ఒక సెలవు ఇవ్వడంతో మొదలుపెట్టండి. జీతంతోనే.